కుడి చెంప మీది పుట్టుమచ్చ

పాత పుస్తకాల వీధిలో ఆయన్ని అందరూ బొమ్మల బావగారంటారు. నిజానికి ఎవరికీ బావ కాడు. పెళ్ళే లేదు. ఒకప్పుడు అచ్చాఫీసులో బొమ్మల అచ్చుకి వాడే ఫిల్ములు అతికించే పని చేసేవాడు, ఇప్పుడు అదీ లేదు. ఉన్నది రెండు గదుల వాటా. ముందుగదిలో మంచం, ఒక కుర్చీ తప్ప మిగతావన్నీ బీరువాలే. వాటినిండా బొమ్మల పుస్తకాలు, ఎప్పుడో జరిగి అందరూ మరిచిపోయిన ప్రదర్శనల కేటలాగులు. ఎవరైనా కూర్చోవాలంటే ముందు కుర్చీ మీంచి ఒక శతాబ్దాన్ని దించాలి. వచ్చేవాళ్ళు మాత్రం ఎవరున్నారు గనక! అక్క ఒక్కతే అప్పుడప్పుడూ వచ్చి, దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, "ఈ బీరువాల్లో ఒకదాన్ని పెళ్ళి చేసుకోరా, పీడా పోతుంది" అనేసి వెళ్ళేది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడా మెట్లెక్కడం మానేసింది.

బీరువాల్లో ఒక్కదానికే తాళం. అందులో ఉన్నవన్నీ ఒకే కేటలాగు కాపీలు.

బావగారి కుర్రతనంలో ఒక చిత్రకారుడు తన మొదటి ప్రదర్శన కేటలాగు అచ్చుకి తెచ్చాడు. కింద దీపం వెలిగే గాజుబల్ల పక్కన స్టూలు వేసుకుని, "తమ్ముడూ, తమ్ముడూ" అంటూ తన టీలో సగం ఈయనకి పోసేవాడు. ఈయన్ని అలా పిలిచినవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. ఆ కేటలాగులో ఒక బొమ్మ ఉంది. చిత్రకారుడి భార్య కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. "మిగతావి ఎలా వచ్చినా సరే, ఇది మాత్రం బాగా రావాలి తమ్ముడూ" అన్నాడాయన.

బాగానే వచ్చింది. కాకపోతే ఫిల్ములు తిరగేసి పడ్డాయి, మచ్చ కుడి చెంపకి వచ్చింది. ఒక్కటి తిరగబడితే రంగులు చెదిరి పట్టుబడేది. నాలుగు రంగుల ఫిల్ములూ తిరగబడి ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. కలిసికట్టుగా చేసిన తప్పుని ఎవరు పట్టుకుంటారు? చిత్రకారుడు బొమ్మ వెనకవైపు సంతకం చేసే రకం, కాబట్టి తిరగబడి కనిపించి తప్పుని పట్టించే అక్షరాలూ లేవు. ప్రదర్శన రోజున ఆయన పుస్తకం విప్పి చాలాసేపు చూశాడు.

"ఈవిడెవరు తమ్ముడూ?"

అంతే. తిట్టినా బాగుండేది. మళ్ళీ ఆ అచ్చాఫీసు గడప తొక్కలేదు. కొన్నాళ్ళకి ఆ ఇల్లాలు పోయింది. అసలు బొమ్మని కొన్నవాళ్ళ గోదాములోకి నీళ్ళొచ్చి అదీ పోయింది. చివరికి చిత్రకారుడూ పోయాడు. ఆ బొమ్మకి లోకంలో మిగిలిందల్లా తప్పు చెంప ఒక్కటే.

ఆ చెంపని లోకంలో లేకుండా చేయాలనుకున్నాడు బావగారు. కేటలాగు ఎక్కడ కనబడితే అక్కడ కొనేశాడు. అదొక్కటే కొంటే పుస్తకాలవాడు ఎందుకని అడుగుతాడేమోనని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పక్కన ఇంకో రెండు బొమ్మల పుస్తకాలు కలిపి కొనేవాడు. గదినిండా ఉన్నవి అలా వచ్చినవే. చూసినవాళ్ళు కళాభిమాని అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. తల అక్కడక్కడా నెరిసిన ఒకావిడ. ఫలానా చిత్రకారుడి కూతుర్నని చెప్పింది.

"నాన్న మొదటి కేటలాగు కోసం తిరుగుతున్నానండీ. పుస్తకాలాయన మీ దగ్గరుంటుందన్నారు."

"లేదమ్మా."

"ఎప్పుడొచ్చినా మీకే ఇచ్చానన్నారే?"

"వాడికి మతిమరుపు."

ఆవిడ కదల్లేదు. "నాన్న గీసిన అమ్మ బొమ్మ అందులోనే మిగిలిందండీ. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను. మీ ఎదురుగానే."

వాళ్ళ నాన్న లెక్కన ఈయన ఆవిడకి బాబాయి అవుతాడు. ఆవిడేమో "అండీ" అంటోంది. ఆయన తాళం తీశాడు. వరుసగా ఒకటే అట్ట, ఒకటే రంగు. ఆవిడ ఒకటి లాగి, ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"అది తప్పమ్మా," అన్నాడు గోడవైపు చూస్తూ. "మచ్చ ఎడమ చెంపన ఉండాలి. నేనే ఫిల్ము తిరగేశాను."

ఆవిడ విన్నట్టు లేదు. "చిన్నప్పుడు అమ్మ నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి జడ వేసేది. నాకు గుర్తున్నది ఆ అద్దంలో అమ్మేనండీ. ఇంట్లో ఫోటోల్లో ఉన్నావిడ ఎవరో దూరపు చుట్టంలా ఉంటుంది." పేజీ మీద వేలు పెట్టింది. "మచ్చ ఇటే ఉండేది. ఇదే మా అమ్మ."

తర్వాత బీరువా వైపు తిరిగింది. గొంతు మారింది.

"ఇన్ని పెట్టుకుని లేదన్నారా? ఎన్ని ఊళ్ళు తిరిగానో తెలుసా?"

"ఎవరూ చూడకూడదనమ్మా..."

"నేను కూడానా?"

ఆయన ఇంకో రెండు తీసుకెళ్ళమన్నాడు. "అమ్మ ఒక్కతేగా" అని ఒకటే చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. టీ తాగుతావా అని అడగాలని ఆయనకి తోచేసరికి కింద గేటు చప్పుడైంది.

ఆ ఆదివారం మిగతా కాపీలన్నీ సంచుల్లో మోసుకెళ్ళి పుస్తకాలవాడి ముందు దించాడు. వాడు పడీపడీ నవ్వాడు.

"బావగారూ, ఊరు మొత్తానికి దీన్ని కొనే పిచ్చోడు ఒక్కడే. ఆ పిచ్చోడే తెచ్చి అమ్ముతానంటే నేనెవరికి అంటగట్టేది?"

"అమ్మొద్దు. ఆ పేజీ విప్పి పైన పెట్టు. చూసేవాళ్ళు చూస్తారు."

వాడు భుజాలెగరేసి, ఒకటి విప్పి, గాలికి పేజీ తిరక్కుండా రాయి పెట్టాడు. బావగారు రోడ్డు అవతల అరుగు మీద కూర్చుని చూశాడు. జనం వస్తున్నారు, పోతున్నారు. ఒకతను ఆగితే ఈయన సగం లేచాడు. అతను చెప్పు సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలాక పుస్తకాలవాడు కొట్టు సర్దుతూ, అలవాటుగా కేకేశాడు. "ఈ వారం ఏం వెతకమంటారు బావగారూ?"

ఆయన ఖాళీ సంచుల్ని ఒకదాంట్లో ఒకటి దోపి, మడత పెడుతూ ఉండిపోయాడు.