కట్టకముందే కంప్యూటరెక్కిన చీర

ధర్మవరంలో చీర నేసినవాళ్ళ గురించి అందరూ చెప్తారు. ఆ చీర కొంగుకు కుచ్చులు వేసే షంషాద్‌బీ గురించి ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి. రెండువేల ఏడులో నేనూ మా ఆయన యోహానూ రెండు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేవాళ్ళం. ఆమెది మా పక్కిల్లే. భర్త పోయాక ఆమెకూ కూతురు హీనాకూ అన్నం పెట్టింది కుచ్చులే.

పెళ్ళిచీరలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. పనితనం ఒక్కటే కాదు కారణం. పెళ్ళికూతురు పీటల మీద కూర్చునేదాకా ముహూర్తం చీర పరాయివాళ్ళ కంట పడితే దిష్టి అంటారు మావైపు. షంషాద్‌బీ ఒకరి చీర ఇంకొకరికి చూపించేది కాదు. తెల్లగుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేది. పనిలో ఉండగా ఎవరైనా వస్తే ఒళ్ళో చీర మీద దుప్పటి లాగేసుకునేది. కన్నకూతురు అడిగినా ఊహూఁ!

"మేము నజర్ అంటాం, మీరు దిష్టి అంటారు. ఏదైనా తగిలేది ఆడబిడ్డకే కదమ్మా" అనేది.

నేను చర్చికి పోయేదాన్ని, దిష్టి గిష్టి నమ్మను. అయినా ఆమె పద్ధతంటే నాకు గౌరవం.

ఒకరోజు మా సెంటర్లో పిల్లలు ఆర్కుట్ చూస్తుంటే అదేమిటని అడిగింది. ఫోటోలు పెడితే ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారని చెప్పాను. "బెంగళూరోళ్ళు గూడానా?" అంది. ఇంకేం, మర్నాడే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. 'షంషాద్‌బీ కుచ్చులు, ధర్మవరం' అని పేజీ తెరిచాం. ఆర్డర్ ఒక్కటీ రాలేదు గానీ, "ఫ్రెండ్‌షిప్ చేస్తారా?" అంటూ మగపిల్లలు మాత్రం బారులు తీరారు.

"ఏందే మేరీ, వీళ్ళకు పనీపాటా లేదా? నాకు నలభై ఐదేండ్లని రాయి!" అని కసిరి, పడీపడీ నవ్వింది. రాశాను. అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు.

మంచి చీర లేకపోతే ఎవరు చూస్తారనుకుందో ఏమో, ఒక మధ్యాహ్నం తెల్లగుడ్డ మూట చంకన పెట్టుకుని వచ్చింది. విప్పితే మామిడిపండు రంగు కొంగు, దానికి ముత్యాలు గుచ్చిన ఎర్ర కుచ్చులు.

"అక్కా, ఇది పెళ్ళిచీర కదా?"

"ఊర్లోవాళ్ళు చూస్తేనే దిష్టి. ఇది ఎవురిదో బెంగళూరోళ్ళకు యాడ తెలుస్తాది? తియ్యి ఫోటో."

ఆ లెక్క నాకూ సబబుగానే తోచింది. కొంగు మడత పెట్టి, కుచ్చులు మాత్రం బాగా కనిపించేలా తీసి పెట్టేశాను.

తెలిసినవాడు బెంగళూరులోనే ఉన్నాడు మరి. సాక్షాత్తూ పెళ్ళికొడుకు! మురళి అని హిందూపురం అబ్బాయి, అక్కడ ఉద్యోగం. తల్లితో వచ్చి ఆ చీర ఎంచింది అతనే. మా పేజీలో ఆ మామిడిపండు రంగు చూసి గుర్తుపట్టి, సంబరపడి ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఇంటి నుంచి మాట పెళ్ళికూతురు నాగమణి తల్లి వెంకటసుబ్బమ్మ చెవిన పడింది. పెళ్ళి ఆ వారంలోనే.

వెంకటసుబ్బమ్మ వచ్చి షంషాద్‌బీ గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది.

"ఏమ్మే షంషాదూ, నమ్మి ఇచ్చినా కదా నీకు! లోకమంతా చూసినాక నా బిడ్డ ఆ చీర ఎట్ల కట్టుకుంటాది? ఇంగ నీ గడప నేను తొక్కను, ఎవురినీ తొక్కనీను!"

నాకు ఒళ్ళు మండింది. ఫోటో తీసింది నేను, నన్ను తిట్టొచ్చుగా! నోరు తెరవబోతే షంషాద్‌బీ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆమె ఇల్లు నిలిచింది ఆ నమ్మకం మీదే. అది పోతే ఊళ్ళో ఒక్క పెళ్ళిచీర కూడా ఆమె గుమ్మంలోకి రాదు. పాపం అనిపించింది.

నన్ను పక్కకు జరిపి తనే ముందుకొచ్చింది. "అక్కా, జనం కన్ను పడింది కుచ్చుల మీద. చీర మడతలోనే ఉండాది. ఆ కుచ్చులు తీసేస్తా. ఎవురూ చూడనివి ఏసిస్తా. ఈ ఒక్కసారికి నమ్ము."

వెంకటసుబ్బమ్మ మూతి తిప్పుకుంది. చీర మాత్రం వదిలి వెళ్ళింది. నేను పరుగున పోయి ఫోటో తీసేశాను.

ఆ రెండు రోజులూ షంషాద్‌బీ తలుపు తియ్యలేదు. కొంగు పోగు తెగకుండా పాత ముడులన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించింది. కొత్తవి ఏ రంగో నాకూ చెప్పలేదు. "నీ కెమెరాకు ఓ దండం తల్లీ" అంది. వెంకటసుబ్బమ్మ వచ్చి, మూట విప్పకుండానే తీసుకుని, పలకరించకుండానే పోయింది.

పెళ్ళిబస్సు హిందూపురానికి బయలుదేరిన రోజు షంషాద్‌బీ అన్నం ముట్టలేదు. మా సెంటర్లో కూర్చుని, "ఇప్పుడు పెనుకొండ దాటింటారా మేరీ?" అని ఒకటే అడగడం. దాటింటారులే అక్కా అంటూనే ఉన్నాను.

వారం తిరక్కముందే వెంకటసుబ్బమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మా సెంటర్లోకే వచ్చింది. షంషాద్‌బీ బిక్కచచ్చి లేచి నిలబడింది. ఆమె చేతిలో ఒక ఫోటో పెట్టింది వెంకటసుబ్బమ్మ. పీటల మీద నాగమణి, మామిడిపండు రంగు చీర, కొంగుకు చిలకపచ్చ కుచ్చులు. ఎంత బాగున్నాయో! మొదటివి వీటి కాలిగోటికి చాలవు.

"హిందూపురమోళ్ళంతా ఎవురు ఏసినారని ఒకటే అడుగుడు. కట్టేసింది కదా, ఇంగ పెట్టు. లోకమంతా చూడనీ" అంది వెంకటసుబ్బమ్మ.

షంషాద్‌బీ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

స్కాన్ చేసి పెట్టాను. నాగమణి మొహం తెర మీద కనిపించగానే వెంకటసుబ్బమ్మ, "ఉండుండు!" అంటూ కూతురి కంటి కాటుక వేలితో తీసి, మా మానిటర్ మూల చుక్క పెట్టేసింది.

అప్పటినుంచి పెళ్ళయ్యాకే ఫోటో. బెంగళూరు నుంచి చీరలు రావడం మొదలైందీ ఆ తర్వాతే. వెంకటసుబ్బమ్మ తన చెల్లెలి కూతురి చీర కూడా ఆమెకే తెచ్చిచ్చింది.

ఒకసారి యోహాను గుడ్డ తడిపి ఆ చుక్క తుడవబోయాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే చూడు!" అని అరిచాను, దిష్టి నమ్మని నేను.