నీలం స్టిక్కరు వేసిన కంప్యూటరు

జోర్నీత్సా ఏం చేస్తుందని మా ఊళ్ళో ఎవరినడిగినా "ప్రాజెక్టులు రాస్తుంది" అంటారు. బల్గేరియాలో ప్రతి మునిసిపాలిటీకీ ఇలాంటి మనిషి ఒకరుండాలి. లేకపోతే యూరప్ డబ్బు పక్క ఊరు ఎగరేసుకుపోతుంది. మా బస్టాపు, పార్కు బెంచీలు, మేకలు తప్ప ఎవరూ ఎక్కని కొండ మెట్లు, అన్నీ ఆమె రాసి తెచ్చినవే. అన్నిటికీ యూరప్ జెండా నక్షత్రాల నీలం స్టిక్కరు ఉంటుంది.

జననాలు నమోదు చేసే నేనూ, ఆ పిల్లా ఒకే గదిలో కూర్చుంటాం. నాది పర్మనెంటు. ఆమెకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. అది పోతే ఇటలీలో ఎవరో ముసలావిడకు స్నానం చేయించే పని, వాళ్ళక్క చూసి పెట్టింది. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కిందటేడు సైబర్ భద్రతకు గ్రాంటు ఇస్తామన్నారు. మన కంప్యూటర్లలో దొంగలకు పనికొచ్చేది ఏముందే అన్నాను. "అలా రాస్తే మార్కులు పడవు పిన్నీ," అంది. బనిత్సా రొట్టె పొరలకు వెన్న పూసినట్టు పేజీ పేజీకీ "వినూత్న" అని పూసింది. పోర్చుగల్‌లో మొహం తెలియని భాగస్వామిని ఒకణ్ణి చేర్చింది. గ్రాంటు వచ్చేసింది.

రాజధాని సోఫియా నుంచి నిపుణులొచ్చి మా కంప్యూటర్లలో ఎక్కడెక్కడ లోపాలున్నాయో, దొంగ ఎటునుంచి దూరవచ్చో నివేదిక రాసిచ్చారు. సరిచేయడం మాత్రం రెండో విడతలోనట. మావాళ్ళ తెలివి ఇక్కడ చూడాలి. ప్రాజెక్టు ఫలితాలు ప్రజలందరికీ కనిపించేలా పెట్టాలని గ్రాంటు నిబంధన. బెంచీల ఫొటో పెట్టనందుకు పాత మేయరు జరిమానా కట్టాడు, ఆ భయం ఇంకా ఎవరికీ వదల్లేదు. జోర్నీత్సా ఆ నివేదికకు నీలం నక్షత్రాలు అద్ది, మునిసిపాలిటీ వెబ్‌సైటులో పెట్టేసింది. ఇంగ్లీషు అనువాదంతో సహా.

వారం తిరక్కుండా కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. తాళం తీయాలంటే డబ్బు కట్టమని తెర మీద రాశారు. నివేదికకు కృతజ్ఞతలు కూడా చెప్పారు, మర్యాదస్తులు.

మేయరు స్పాసోవ్ గారు మా గదిలోకొచ్చారు. అరవలేదు. "రేపట్నుంచి రావద్దులే అమ్మాయ్," అన్నారంతే. ఆమె కాఫీ కప్పు సంచిలో పెట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంతలో ఆమె ఫోనుకు మెసేజీ వచ్చింది. అది చూసి ఆమె అక్కడే ఆగిపోయింది. కొత్త గ్రాంటట. సైబర్ దాడికి గురైన మునిసిపాలిటీలకు అదనపు మార్కులట. పరిశీలకులు వచ్చి నష్టాన్ని కళ్ళారా చూస్తారట.

మేయరు గారు నుదురు రుద్దుకున్నారు. "పోటీ ఎలా ఉంటుంది?"

"మనంత ఘోరంగా మునిగినవాళ్ళు లేరండీ."

"అయితే ఆ కప్పు బయట పెట్టు."

అప్పట్నుంచి పుట్టిన పిల్లల పేర్లన్నీ చేత్తో రాస్తున్నాను. వేళ్ళు పీకేస్తున్నాయి. పరిశీలకుల జాడ లేదు. నిన్న మా మరిది వచ్చాడు, కంప్యూటర్ల పని చేస్తాడు. ఇలాంటి తాళం తను ఇదివరకే తీశాననీ, పైసా అక్కర్లేదనీ, సాయంత్రానికి బాగుచేసిస్తాననీ కుర్చీ లాక్కున్నాడు. జోర్నీత్సా రాస్తున్నది ఆపి నా వంక చూసింది.

వాడి చేతిలో బనిత్సా ముక్క పెట్టి, భుజం పట్టి లేపాను.

"దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను," అని బయటికి పంపి తలుపు గడియ పెట్టాను.