తుడవని బొట్టు

ఆమదాలవలస స్టేషను దగ్గర ఒక రైసుమిల్లు ఆఫీసులో చాలాకాలం కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేశాను. 2010 దాటాక సంగతి. ఆపరేటరంటే పెద్ద హోదా అనుకోకండి. ధాన్యం లెక్కలు ఎక్కించడమూ నేనే, కీబోర్డు బోర్లించి తవుడు దులపడమూ నేనే. ఆ దుమ్ములో కంప్యూటర్లు అన్నాళ్లు ఎలా బతికాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

దసరాకి ఆయుధపూజ చేసేవారు. మిల్లు మోటార్లతో పాటు కంప్యూటర్లకీ పసుపు కుంకుమలతో బొట్లు పెట్టేవారు. అది మా యజమాని భార్య పని, ఇంకెవరినీ చెయ్యనిచ్చేవారు కాదు. మాది బాప్టిస్టు చర్చి కుటుంబమని ఆవిడకు తెలుసు. అందుకని నా బల్ల దగ్గర ఆగి ఏటా అదే ప్రశ్న వేసేవారు.

"అమ్మీ, నీ దానికెట్టనా, వద్దా?"

"ఎట్టండమ్మగారూ. మెషినుకి మతమేటి?"

ఆవిడ పకపకా నవ్వి, సీపీయూ పక్క రేకు మీద ఉంగరపు వేలితో బొట్టు అద్ది, నా చేతిలో అరటిపండు పెట్టేవారు. ఆ నవ్వు కోసమే నేను ఏటా అదే జవాబు చెప్పేదాన్ని.

పండగ వెళ్లాక మిగతావాళ్లు తడిగుడ్డతో బొట్లు తుడిచేసేవారు. నేను మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. వాళ్ల పూజ బొట్టు నా చేత్తో చెరిపితే ఏమనుకుంటారోనని భయం. ఎవర్నయినా అడిగితే ఒక్క మాటలో తేలిపోయేదే, అడగడానికీ మొహమాటమే. ఏటికేడు పాత బొట్టు పక్కన కొత్తది చేరి, రేకు మీద ఒక వరస తయారయింది.

ఒక వేసవిలో అమ్మగారు జ్వరం వచ్చి పోయారు. ఆ వర్షాల్లోనే ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు దిగాయి. పాతవాటిని వీధి చివరి పాతసామాన్ల కొట్టువాడు తూకానికి అడిగాడు. వాడు రాగి కోసం వైర్లు కాలిస్తే ఆ పొగ మా చర్చిలోకి కూడా వచ్చేది. ప్రార్థన మధ్యలో అందరం దగ్గేవాళ్లం. వాడి బేరం వినగానే నాకు ఒళ్లు మండింది.

"ఆడికి వద్దు బాబుగారూ. విశాఖపట్నంలో ఇలాంటియి విప్పి, విషం బయటికి పోకుండా దేనికది ఏరుసేసీవోళ్లున్నారు. ముందు హార్డు డిస్కులు పాడుసెయ్యాల. రైతుల బేంకు నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి."

యజమాని సరేనన్నారు. మిల్లు ఫిట్టరు డిస్కులు ఊడదీసి డ్రిల్లుతో చిల్లులు పొడిచాడు.

విశాఖపట్నం నుంచి వ్యాను వచ్చింది. సామాను ఒక్కొక్కటే ఎక్కుతోంది. నా సీపీయూ వంతు రాగానే యజమాని చెయ్యి అడ్డుపెట్టారు.

"ఇది ఉండనీండి."

"ఉంచి ఏటి సేస్తారండి? అందులో డిస్కు కూడా లేదు" అన్నాడు వ్యాను మనిషి.

ఆయన రేకు వైపు చూపించారు. "మా ఇంటావిడెట్టిన బొట్లు. ఆవిడ పోయాక ఇంట్లో గుమ్మాలూ గోడలూ అన్నీ కడిగీసినారు. ఇయ్యే మిగిల్నాయి." నా వైపు తిరిగారు. "నువ్వు దాసినావు గదే అమ్మీ."

నాకు ఏడుపొచ్చింది. "దాయలేదు బాబుగారూ. తుడిస్తే తప్పేమోనని భయమేసింది."

"ఆవిడా నన్నడిగీది, ఆ పిల్ల తుడవదేటి అని. నీకు మన బొట్టు నచ్చిందనుకుని మురిసిపోయీది."

వ్యాను మనిషి స్క్రూలు విప్పి రేకు ఒక్కటీ ఆయన చేతికిచ్చి, మిగతాది ఎక్కించుకున్నాడు. యజమాని రేకును వెలుతురులోకి తీసుకెళ్లారు. వరసలో చివరి బొట్టులో అమ్మగారి వేలి గీతలు సన్నగా తెలుస్తున్నాయి. ఆయన తన వేలు దాని దగ్గరిదాకా తీసుకెళ్లి ఆపేశారు.

"ముట్టుకోండి బాబుగారూ" అన్నాను.

"వద్దమ్మీ. ఊడిపోతాది."

ఆ రేకును పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని, కారు ఎక్కకుండా, ఇంటిదాకా నడిచే వెళ్లారు.