‘నీకేం లేదుగా?’ అన్న సుభద్ర మేడమ్

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఫోను మోగింది. సుభద్ర మేడమ్ ఇక లేరని మా కాలేజీ సహచరి ఏడుస్తూ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. పొయ్యి కట్టేశాను. ఆ సాధుశీల అస్తమయం విన్నవారందరికీ అశనిపాతమే. నాకు మాత్రం అంతకు ముందు నుంచే వణుకుతూ ఎదురుచూస్తున్న కబురు అది. ఎందుకో చెప్పకుండా ఈ నివాళి ముగించలేను.

గవర్నర్‌పేటలోని మా జూనియర్ కాలేజీలో ఆవిడ జువాలజీ, నేను తెలుగు. మధ్యాహ్నం గంట కొట్టగానే తన క్యారేజీ విప్పేముందు మా క్యారేజీలన్నీ తనిఖీ చేసేవారు. నేను చేరిన కొత్తల్లో నా గిన్నె మూత ఎత్తి, “అమ్మాయ్, తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, పైన అప్పడం! నీ నాలుక్కి తప్ప నీ ఒంటికేం పెట్టావమ్మా?” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ కూడా నా గిన్నెలోకి అలా తొంగిచూసి ఎరగదు! ఆ ఉక్రోషంతోనే మర్నాడు తోటకూర పప్పు చేసి పట్టుకెళ్లాను. అందులో సగం ఆవిడే తినేశారు. మా స్నేహం అలా మొదలైంది.

వ్యాధి నిరోధక శక్తి పాఠం ఆవిడ నోట వినవలసిందే. పక్క తరగతిలో నా పద్యం ఆపి మరీ వినేదాన్ని. “మన ఒంట్లో రేయింబవళ్లు కాపలా కాసేవాళ్లున్నారర్రా. సెలవడగరు, జీతమడగరు. పూటకింత పప్పు, ఆకుకూర, గుడ్డో పెరుగో, కంటినిండా నిద్ర. అదీ ఇవ్వకపోతే పాపం వాళ్లెలా నిలబడతారు?” అనేవారు. పిల్లలు ఘొల్లున నవ్వేవారు గానీ మర్నాటి క్యారేజీల్లో ఉడికిన గుడ్లు కనబడేవి.

కరోనా తగ్గాక ఒకాయన ఇమ్యూనిటీ పొడి డబ్బాలు పట్టుకుని వచ్చాడు. “మీలాంటి పెద్దలు పిల్లలకి ఒక్క మాట చెబితే చాలండీ” అన్నాడు. మేడమ్ డబ్బా వంక చూడనైనా చూడలేదు. “పొద్దున ఏం తిన్నావు బాబూ?” అని అడిగారు. “తిరుగుడేగా మేడమ్, తినే టైమెక్కడిదండీ” అన్నాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి తన క్యారేజీలో అన్నం పెట్టి, డబ్బాలతో సహా పంపించేశారు. ఆ తర్వాత అతను మా కాలేజీ ఛాయలకు రాలేదు.

అటువంటి మనిషికి రక్తానికి సంబంధించిన జబ్బు చేసింది. అంత పద్ధతిగా తినేవారికేమిటని కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. “తిండి చేసేది తిండి చేస్తుంది, వైద్యం చేసేది వైద్యం చేస్తుంది. బాగా తింటే ఏ రోగమూ రాదని నేనెప్పుడైనా అన్నానా?” అని ఆవిడే నవ్వేశారు. చికిత్సతో ఆ కాపలావాళ్లు బాగా తగ్గిపోయారు. వేడివేడిగా వండినదే తినాలన్నారు డాక్టర్లు. గుమ్మానికి ఆవిడ స్వహస్తాలతో రాసిన కాగితం వేలాడింది: జలుబు, దగ్గు ఉన్నవారు దయచేసి ఫోనులోనే పలకరించండి.

నేను ఆ కాగితం చదివాను. చదివి కూడా లోపలికి వెళ్లాను.

రెండ్రోజులుగా జలుబు. మాత్ర వేసుకుంటే ముక్కు కాస్త సర్దుకుంది. “ఇంకా చూసి రాలేదా?” అని స్టాఫ్‌రూమ్‌లో అడిగినవాళ్లే అడుగుతుంటే తల కొట్టేసినట్టుండేది. పైగా మంగళగిరిలో మా ఇంటి నుంచి బస్సెక్కి, ఆటో మారి, తోటకూర పప్పుతో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగడమా? ఆ క్యారేజీ గిన్నెలు మరిగే నీళ్లలో వేసి మరీ కడిగాను. నా బుద్ధి ఆ గిన్నెల దగ్గరే ఆగిపోయింది.

మేడమ్ నన్ను చూసి చంటిపిల్లలా మురిసిపోయారు. “ఆ మాస్కు తియ్యమ్మా, మనిషి ముఖం చూసి ఎన్నాళ్లయిందో! నీకేం లేదుగా?” అన్నారు.

“ఏం లేదు మేడమ్” అన్నాను. మాస్కు తీశాను.

ఆ వారం తిరక్కుండానే ఆవిడకు జ్వరం, ఆసుపత్రి, ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్. ఎవరి వల్ల సోకిందో ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరు. ఆ మాట పట్టుకుని బతుకుదామని చూశాను. నావల్ల కాలేదు.

పెద్దకర్మ నాడు ఆవిడ భర్త సాంబశివరావు గారు నలుగురిలో నా చేతులు పట్టుకున్నారు. “అందరూ ఫోన్లే చేశారమ్మా. నువ్వొక్కదానివే వచ్చి కూర్చున్నావు. ఆవిడ కడుపునిండా తిన్నది ఆ పూటే. కాలేజీ పత్రికలో నువ్వే రాయాలి” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి కళ్లొత్తుకున్నారు. ఛీ, నేను తలూపి వచ్చాను!

సాంబశివరావు గారూ, మీరు రాయమన్నారు కనుక రాశాను. ఇది చదివాక మీరు నన్ను గడప తొక్కనివ్వకపోతే అది న్యాయమే. మా మధ్యాహ్నాలు దిక్కులేనివైపోయాయి. గిన్నె మూత ఎత్తి కసిరి, కడుపు చూసి ప్రేమించే ఆ మాతృమూర్తి మళ్లీ పుట్టరు. ఆవిడకు శిరసు వంచి ప్రణమిల్లడానికైనా నాకు అర్హత ఉండాలంటే, ఆ రోజు అడిగిన ప్రశ్నకు ముందు సరైన జవాబు చెప్పాలి.

ఉంది మేడమ్. నాకు జలుబు ఉంది.