గడ్డిబండ మీద మొదటి కొడవలి

పక్కింటి పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను భద్రాచలంల బస్సు కోసం నిలబడి ఉన్న. ఫోన్ చేసింది ఆమె కొడుకు. నేను నవ్విన. "మంచిగ నేర్చుకున్నవు తమ్మీ, నా విద్య నాకే చూపెడుతున్నవా?" అన్న. ఊళ్ళో అందరినీ ఏదో ఒకనాడు ఆట పట్టించినోణ్ని కదా, ఇయ్యాల అంతా కలిసి నామీద తిప్పికొడుతున్నరనుకున్న. అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడొక్కటే వినిపించింది. అప్పుడు నమ్మిన.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా రెండిళ్ళ నడుమ ఒక వెదురు దడి, అంతే. నా భార్య పోయినంక మా ఇంట్ల నాతో మాట్లాడే మనిషి లేదు. రోజుకు నాలుగు తిట్లన్న పడకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. అందుకని పెద్దమ్మ కోడిని పట్టుకొచ్చి మా గంప కింద పెట్టేటోణ్ని. దడి మీదుగా తల వచ్చేది. "ఒరేయ్ కోతిమూతోడా, గంప లేపు. లోపల ఉన్నది కోడి అనుకుంటున్నవా, నీ పెద్దమ్మరా అది!" గంప లేపేదాకా తిట్టి, లేపినంక "అన్నం తిన్నవా?" అని అడిగేది. ఆ రెండో మాట కోసమే నేను కోడిని పట్టేది.

చర్ల దాటినంక అడవి అంచున మా ఊరు. ఊరి వెనక పెద్ద బండ. ఎంత దూరం నడిచినా బండే. దాని మీద అట్టు మీద నూనె రాసినంత మట్టి. వేరు దిగుదామంటే రాయి తగులుతది, అందుకే చెట్టు నిలవదు. కొత్తోళ్ళు చూస్తే బీడు అంటరు. పెద్దమ్మ చెవిన ఆ మాట పడితే అన్నోడు అయిపోయిండన్నట్టే. "బీడు నీ బుర్ర. ఒక్క వానాకాలం వచ్చి చూడు" అనేది.

నిజంగనే చూడాలె. తొలి వానకు నల్లగ ఎండిపోయిన పాచి తెల్లారేసరికి పచ్చబడుతది. బండ గుంతల్ల నీళ్ళు నిలిస్తే గోరంత కప్పలు ఎక్కడినుంచి వస్తయో వస్తయి. ఒక చిన్న ఎర్ర మొక్క ఉంటది, ఆకుల మీద తేనెచుక్కల లెక్క మెరుస్తది. అది తేనె కాదు, బంక. దోమ వాలిందంటే ఇగ లేవదు. దాన్ని చూపించి పెద్దమ్మ "నీ లెక్కనేరా, మెరుసుకుంట పట్టేస్తది" అన్నది నన్ను. ఆ మొక్కల వెనకనే గడ్డి లేస్తది. చలి ముదిరేసరికి నడుమెత్తు, రాగి రంగు. పూరేడు పిట్టలు, కుందేళ్ళు అన్నీ అందులనే.

ఆ గడ్డి ఊరందరిది. కాని కోతకొక కట్టు ఉన్నది. గడ్డికప్పు ఉన్న ఇండ్లల్ల పెద్ద మనిషి మొదటి కొడవలి పెట్టి, బండ కొసకొచ్చి కూతెయ్యాలె. కింద ఊరు బదులు కూతేసి పైకెక్కాలె. అప్పటిదాకా ఎవరూ ఒక్క పోచ ముట్టొద్దు. నాకు తెలిసినప్పటి నుంచి ఆ కొడవలి పెద్దమ్మదే. కంకి తెచ్చి అరచేతిల విదిలించేది. గింజ రాలితే "ఇంకా ఆగాలె" అనేది. ఏం రాలకపోతే కొడవలి తీసేది. "ముందుగాల అది దాని పిల్లల్ని దించుకోవాలె. తర్వాతనే మన కప్పు."

కోసేటప్పుడు పిడికిలెత్తు వదలాలె. ఆత్రంగ కిందికంటా కోసిన చెయ్యి మీద కొడవలి పిడితో ఒకటిచ్చేది. "కుదురు పోతే మట్టి పోతది. మట్టి పోతే బండ మిగులుతది. బండ తింటవా?" అసలే కొయ్యకపోయినా కష్టమే. పాతగడ్డి మీద పడి ఎండితే కింద మొలకకు ఎండ తగలదు, ఎండకాలం రవ్వ పడితే మొత్తం పాయె. ఒక పక్క ఎప్పుడో ఎవరో ట్రాక్టర్ తోలిండ్రు. ఆ ఏడు వానకే మట్టి వాగుల కలిసింది. ఆ జాగ ఇప్పటికీ బోడిగనే ఉన్నది. అంత నోరున్న పెద్దమ్మ అక్కడ మాత్రం సావింటి ముందర పోయినట్టు నోరు మూసుకొని పోయేది.

ఒక ఏడు గింజ రాలకముందే నేను పాత కప్పుగడ్డితో బొమ్మ చేసి, పాత చీర చుట్టి, చేతిల విరిగిన కొడవలి పెట్టి బండ మీద వంచి నిలబెట్టిన. కింది నుంచి చూస్తే ఎవరో ఆడమనిషి కోస్తున్నట్టే ఉన్నది. పెద్దమ్మ కొంగు దోపుకొని పరుగున ఎక్కింది. "ఎవతెవే! గింజ పడలేదు, కళ్ళు పోయినయా? నీ కొంపల పొయ్యి..." దగ్గరికొచ్చి ఆగింది. నేను బండ చాటున నవ్వలేక పొర్లుతున్న. కొడుతదనుకున్న. బొమ్మను మీదికి కిందికి చూసి "నీకన్న ఇదే నయంరా, తిడితే ఎదురు చెప్పదు. ఉండనియ్యి" అన్నది. ఆ తర్వాత ఏటేటా దానికి తన పాత చీర మార్చేది. చద్ది తినేటప్పుడు దాని పక్కనే కూసునేది.

ఊళ్ళో ఒక్కొక్క ఇంటికి రేకులొచ్చినయి, స్లాబులొచ్చినయి. ఏటేటా ఆమె కూతకు బదులిచ్చే గొంతులు తక్కువైనయి. గడ్డికప్పులు ఆమెదీ, నాదీ మిగిలినయి.

దినాల నాడు భోజనాలైనంక ఆమె కొడుకు అన్నడు: "అన్నా, ఇంక ఆ గడ్డి ఎవరికి పనికొస్తది? ఈ ఏడు కోత లేకుంటే ట్రాక్టర్ పెట్టిద్దాం. జామాయిల్ వేస్తే అందరికీ మంచిదే." పది తలలు ఊగినయి.

"కోత ఉంటది" అన్న నేను. "ఇంక గడ్డికప్పు ఇండ్లల్ల పెద్ద మనిషిని నేనే. మొదటి కొడవలి నేను పెడత."

 అక్కడ కూసున్నోళ్ళంతా పగలబడి నవ్విండ్రు. "చీర కట్టుకొని పెడతవా బావా?" అని ఒకడు. "ఇదేం ఆటో ముందే చెప్పు, మోసపోకుండ ఉంటం" అని ఇంకొకడు. ఒట్టేసి చెప్పిన. ఇంకా నవ్విండ్రు.

నా మొకం చూసి నిజమేదో చెప్పగలిగింది ఒక్క పెద్దమ్మే. నా భార్యకు జ్వరం ముదిరి, దవాఖానకు పోవాలె ఆటో తియ్యరా అని నేను అరిస్తే, ఆటోవాడు నవ్వి బీడీ ముట్టించుకున్నడు. పెద్దమ్మ దడి మీదుగా నన్నొక్కసారి చూసింది. చేతిల బిందె అక్కడనే వదిలేసి "నిజమేరా, తియ్యి బండి" అని పోయి ఆటో ముందర నిలబడ్డది. మనిషి దక్కలేదు. కాని ఆనాడు నన్ను నమ్మిన మనిషి ఒకతుండె.

ఇయ్యాల బండెక్కిన. కంకి అరచేతిల విదిలించిన. ఏం రాలలేదు. పిడికిలెత్తు వదిలి మొదటి కట్ట కోసి, కొసకు పోయి కూతేసిన. కింద నవ్వులు వినిపించినయి. ఎవరో కోడి లెక్క కూసిండు. మళ్ళీ కూతేసిన. ఎవరూ ఎక్కలేదు.

ఒక్కడి చేతికి ఎంత తెగుతది? పొద్దు వాలేదాకా కోసినా బండకు ఒక మూల కూడా కాలేదు. అయినా కోత మొదలైంది. ఇంక ట్రాక్టరోడు వచ్చినా, ఈ ఏడు కోత లేదన్న మాట వాడు అనలేడు. రేపు పోత. ఎల్లుండి పోత.

దిగేముందు బొమ్మకు చీర మార్చిన. పెద్దమ్మ దడి మీద ఆరేసి పోతే ఎవరూ తియ్యని చీర అది. పిట్టలకని బొమ్మ చుట్టూ ఆమె ఎప్పుడూ కొయ్యకుండ వదిలే గడ్డిని నేనూ వదిలిన. నేను ఇవతలికి రాంగనే పూరేడు పిట్ట ఒకటి ఉరికి అందుల దూరింది. కింది మలుపు కాడ వెనక్కి తిరిగి చూసిన. నడుము వంచి, కొడవలి పట్టుకొని, అచ్చం ఆమె. ఒక్క తిట్టన్న వినిపిస్తదేమోనని చీకటి పడేదాకా అక్కడనే నిలబడ్డ. గాలికి గడ్డి ఒంగి లేస్తున్నది. బొమ్మ పైట ఎగురుతున్నది.