ఒకే వ్యానులో ఇద్దరన్నదమ్ములు

మా పెద్దనాన్న పోయాడన్న కబురు మొదట గోడ దాటి వచ్చింది. చిక్కడపల్లిలో మా తాతగారి ఇంటిని రెండిళ్ళు చేసిన గోడ అది. అవతల పెద్దమ్మ ఏడుపు విని ఇవతల మా అమ్మ పొయ్యి మీది చాయ్ గిన్నె దించింది. అశోక్‌నగర్‌లో ఉన్న నాకు ఫోను చేసి, తొందరగా రమ్మంది. నాన్నకు తెలుసా అని అడిగాను.

"విన్నడు. పేపర్ పట్టుకొని కూసున్నడు. పేజి మాత్రం తిప్పుతలేడు."

మీలో ఎవరైనా నారాయణగూడ వైపు బడికి పోయి ఉంటే మా పెద్దనాన్నను చూసే ఉంటారు. బూడిదరంగు ప్యాంటు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఏ కాలమైనా చంకలో గొడుగు. చరిత్ర పాఠాలు చెప్పేవాడు. రిక్షా ఎక్కడు, బస్సు కోసం నిలబడడు. "బస్సు కోసం ఆగేటోని బతుకు బస్టాపులనే ఒడుస్తది" అనేవాడు. చిన్నప్పుడు నేను ఆయనతోనే బడికి పోయేదాన్ని. ఆయనది నడక, నాది పరుగు. గొడుగు కొస నా చేతికిచ్చి, ఇది ఇడిస్తే నేను ఆగ బిడ్డా అని ముందే చెప్పేవాడు. నిజంగానే ఆగేవాడు కాదు. చౌరస్తా చేరేలోగా పానిపట్టు యుద్ధం అయిపోయేది. ఇవాళ నేను నలుగురికి చరిత్ర చెప్పి బతుకుతున్నానంటే ఆ గొడుగు కొస పట్టుకుని పరిగెత్తడం వల్లనే. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, సర్కారు పరీక్షలకు చదివే పల్లెటూరి పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేవాడు. "గెలిచినోడు రాసుకుంటడు, ఓడినోడు యాదిల పెట్టుకుంటడు. మీరు ఇద్దరినీ అడగాలె" అనేవాడు వాళ్ళతో.

నానమ్మ పోయిన రోజున మా నాన్న ఊళ్ళో లేడు, ఆఫీసు పని మీద క్యాంపు వెళ్ళాడు. టెలిగ్రాం అందుకుని రైలెక్కాడు. రైలు ఆలస్యమైంది. పొద్దు గుంకకముందే కానిచ్చేయాలని ఇంట్లో పెద్దలంతా పట్టుబట్టారు. పెద్దకొడుకు కనుక నిప్పు కుండ పెద్దనాన్న చేతిలో ఉంది. ఆయన ఆగలేదు. నాన్న కాచిగూడలో దిగి నేరుగా శ్మశానానికి పోయేసరికి చితి అంటుకుని ఉంది. తల్లి ముఖం ఆయనకు దక్కలేదు. "జర ఆగితే ఏం పోతుండె" అన్నాడట అందరి ముందర. అన్నతో ఆయన నేరుగా మాట్లాడిన ఆఖరి మాట అదే. ఏడాది తిరగకముందే ఇంటి మధ్య గోడ లేచింది.

మాటలు లేవంటే బొత్తిగా లేవని కాదు. మా ఇళ్ళల్లో మాట్లాడుకోని వాళ్ళకొక పద్ధతి ఉంది. చెప్పాల్సింది పక్కనున్న మూడో మనిషికి చెప్తారు. వినాల్సిన మనిషి అక్కడే ఉంటాడు, వింటాడు కూడా. అయినా ఆ మధ్య మనిషి ఆ మాటను మళ్ళీ అనాలి. అనకపోతే అది చేరినట్టు కాదు. మా రెండిళ్ళకూ ఆ మధ్య మనిషిని నేను.

ఈ మధ్యనే, నాలుగైదేళ్ళ కిందట, ఒక ఏడాది ఇంగ్లండులోని ఒక యూనివర్సిటీలో పనిచేశాను. ఆ వేసవికి అమ్మానాన్నలనూ పెద్దనాన్ననూ రమ్మన్నాను. పెద్దమ్మ విమానమంటే భయపడి రాలేదు. ఆయన వస్తుండా అని నాన్నా, మీ నాయన వస్తుండా అని పెద్దనాన్నా వేర్వేరుగా అడిగారు. వస్తున్నాడని ఇద్దరికీ చెప్పాను. తెలిసి కూడా ఇద్దరూ వచ్చారు. ఆ ఒక్క సంగతి మీద నేను ఎంత ఆశ పెట్టుకున్నానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు పోతుంది.

అక్కడ ఒక రకం వ్యాన్లు కిరాయికి దొరుకుతాయి. లోపలే పొయ్యి, సింకు, రెండు పక్కలా పొడుగాటి బల్లలు. రాత్రికి ఆ బల్లలే పడకలు. మా ఆయన నడిపేవాడు. ఉత్తరాన కోటలు, ఆ పక్కనే సముద్రం. ఒకే పైకప్పు కింద, గోడ లేకుండా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోబెడితే పదిరోజుల్లో ఏదో ఒకటి కదలకపోతుందా అనుకున్నాను. ఎదురుబదురు బల్లల మీద కూర్చుని ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. అన్నం దగ్గర, మామిడికాయ తొక్కు ఇటు జరపమని చెప్పు అని ఒకరు, మొత్తం ఆయన్నే తినమను అని ఇంకొకరు. ఆ సీసా ఇద్దరికీ జానెడు దూరంలో ఉండేది. "వీళ్ళ నడుమ మాటలు తీసుకపోవుడుకే అరిగిపోయింది నా బిడ్డ" అని అమ్మ విసుక్కునేది.

ఒక రోజు రోమన్లు ఎప్పుడో కట్టిన గోడ చూడబోయాం. కొండల మీదుగా కనుచూపు మేర పోతోంది, చాలాచోట్ల నడుము ఎత్తే మిగిలింది. పెద్దనాన్న రాళ్ళ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. జీవితమంతా పుస్తకంలో చెప్పిన దాన్ని మొదటిసారి ముట్టుకున్నాడు. నాన్న వెనక నుంచి అన్నాడు:

"మీ పెద్దనాయనకు చెప్పు, మన ఇంట్లది గూడ ఇట్లనే చూడనీకి వస్తరు జనం. టికెట్ పెట్టుమను."

చెప్పాను. పెద్దనాన్న పెదవి కొస కదిలింది. నవ్వే అనుకున్నాను. ఇప్పుడు ఖాయంగా చెప్పలేను.

ఇంకో రోజు సముద్రపు ఒడ్డున కొండ అంచు వెంట నడుస్తున్నాం. ఆ చివర పడిపోయిన కోట ఒకటి. అమ్మా, మా ఆయనా వ్యాను దగ్గరే ఉండిపోయారు. పెద్దనాన్న గొడుగు చంకన పెట్టుకుని ఎప్పటిలాగే ముందు, నేను మధ్యలో, నాన్న చాలా వెనక. నాన్నకు ఆయాసం వచ్చింది. ఒంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూసి అన్నాడు:

"జర ఆగమని చెప్పు."

పరిగెత్తి పోయి చెప్పాను. ఎవరి కోసమూ ఆగని మనిషి ఆగాడు. వెనక్కి తిరగలేదు, సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. నాన్న మెల్లగా వచ్చి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగాడు. అక్కడ ఎండాకాలంలో రాత్రి భోజనాల వేళ దాటినా వెలుతురు పోదు. నీళ్ళన్నీ మెరుస్తున్నాయి. ఆ వెలుతురును చూస్తూనే పెద్దనాన్న అన్నాడు:

"మీ నాయనకు చెప్పు బిడ్డా. ఆ దినం ఇంత పొద్దు లేకుండె."

నేను చెప్పకముందే నాన్న జవాబిచ్చాడు, అదీ నాకే.

"రైలు స్టేషన్ల ఆగేటాల్లకు గూడ ఇంక పొద్దు ఉండెనని చెప్పు."

అంతే. ఆ రెండు మాటలనూ నేను అందించలేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు నేను చేర్చి ఉంటే మరో మాట వచ్చేదేమో. లేక నేను అక్కడ లేకుండా ఉంటే వచ్చేదేమో. ఎటు ఆలోచించినా తెగదు. వ్యానులోకి వచ్చాక ఇద్దరూ మళ్ళీ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. చిక్కడపల్లికి తిరిగొచ్చాక ఆటోలు గేట్ల ముందు ఆగాయి, ఒకరు ఈ గేటులోకి, ఒకరు ఆ గేటులోకి పోయారు. ఆ తర్వాత తొక్కు జరపమనే అవసరం కూడా లేకపోయింది.

మొన్న నేను వెళ్ళేసరికి పెద్దనాన్నను వాకిట్లో పడుకోబెట్టారు. తల పక్కన గొడుగు ఎవరో పెట్టారు, ఎవరో తీసేశారు. నాన్న గోడకు ఇవతలే, పేపరుతోనే ఉన్నాడు. పెద్దనాన్న కొడుకు, మా అన్న, తడిబట్టలతో వచ్చి మా గడప దగ్గర నిలబడి రమ్మని పిలిచాడు. నాన్న పేపరు దించలేదు. అన్న వెళ్ళిపోయాడు. మబ్బు పట్టింది. గోడ అవతల పెద్దమనుషులు మళ్ళీ అదే మాట అనడం ఇవతలికి వినబడింది, పొద్దు గుంకకముందే కానియ్యాలె అని.

శవాన్ని తీసుకుపోయే వ్యాను గల్లీలో ఆగి ఉంది. పైకెక్కించారు. ఇంజను మోగింది. అప్పుడు లేచాడు నాన్న. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటూ, కాళ్ళకు చెప్పులు లేకుండా గేటు దాకా వచ్చాడు. ఆయాసంతో గేటు పట్టుకుని నా వైపు చూశాడు.

"జర ఆగమని చెప్పు మీ పెద్దనాయనకు."

మా అన్నకు చెప్పమనలేదు, డ్రైవరుకు చెప్పమనలేదు. నేను గల్లీలోకి పరిగెత్తాను. వ్యాను నారాయణగూడ వైపు మళ్ళుతోంది. దానికీ లోపల రెండు పక్కలా పొడుగాటి బల్లలున్నాయి. వెనక అద్దంలోంచి కనిపించింది, ఒక బల్ల చివర, కిటికీ దగ్గర, ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది.