పిన్ని ప్రశ్నలూ, అడవి కట్టా

ప్రశ్న అడగకుండా పిన్ని ఎవరికీ మంచినీళ్ళయినా ఇచ్చేది కాదు. దాహంగా ఉందంటే, "ఎండలోంచి వచ్చావా, మెట్లెక్కి వచ్చావా, ఎవరితోనైనా వాదించి వచ్చావా?" అని అడిగేది. అన్నిటికీ జవాబు చెప్పాకే గ్లాసు చేతికొచ్చేది. అప్పటికి కొందరికి దాహం సంగతే గుర్తుండేది కాదు.

ఆమె ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. వీధి మలుపులో లాండ్రీ ఆమెది. చొక్కా మీద మరక చూపిస్తే మరకతో ఆగేది కాదు. "సిరానా? ఈ రోజుల్లో సిరా పెన్నుతో రాసే ఉద్యోగమేమిటి బాబూ? మూత పెట్టకుండా జేబులో పెట్టుకున్నావంటే మనసు ఇంకెక్కడో ఉందన్నమాట. ఎక్కడుంది?" ఆ పెద్దమనిషి తనకు రావలసిన ప్రమోషన్ చేజారిన కథంతా చెప్పుకుని, తేలికపడి, చొక్కా ఇవ్వడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

క్రెడిట్ కార్డు అంటగట్టడానికి ఫోన్ చేసిన ఒక కుర్రాడి గతి ఇంకా ఘోరం. "ఈ ఉద్యోగం నీకు నచ్చిందా నాయనా? నచ్చకపోతే ఎందుకు చేస్తున్నావు? చిన్నప్పుడు ఏమవుదామనుకున్నావు?" అని మొదలుపెట్టింది. అతను ఉద్యోగం మానేసి ఇప్పుడెక్కడో ఈత నేర్పుతున్నాడట. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. కార్డు ఊసు ఎత్తడు.

ఆమె భర్తను అందరూ బాబాయి అనేవారు. ఇస్త్రీ ఆయన పని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆత్మరక్షణ కోసం రెండే మాటలు నేర్చుకున్నాడు. ఒకటి "ఊఁ", రెండోది "ఏమో". పిన్ని వాటినీ వదిలేది కాదు. "ఏమో అంటే తెలియక ఏమోనా, చెప్పడం ఇష్టంలేక ఏమోనా?"

"ఊఁ," అనేవాడు బాబాయి.

ఈ పిన్ని చేతిలో పడింది పళ్ళ అమ్మాయి. ఆ పేరు పిన్ని పెట్టిందే. దంతవైద్యుల కోసం కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమె పనిచేసేది. ఉద్యోగం కోసం కొత్తగా వచ్చింది. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఆమె చుట్టూ బోలెడు నోళ్ళు, అన్నీ ప్లాస్టర్‌తో పోసినవి. ఒక్కటీ పలకరించేది కాదు. ల్యాబు యజమాని అచ్చులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. అద్దెగదికి వస్తే ఫ్రిజ్ ఒక్కటే శబ్దం చేసేది. "నెలాఖరుకి వచ్చేస్తానక్కా, ఇక్కడ నాకెవరున్నారు," అని ఫోన్లో అక్కకు చెప్పేసింది కూడా.

ఒక ఆదివారం ఉతికిన తెల్లకోటు తీసుకోవడానికి లాండ్రీకి వెళ్తే లోపలి గదిలోంచి గోల వినిపించింది. తొంగిచూసింది. ఇస్త్రీ బల్ల చుట్టూ నలుగురు. పిన్ని, బాబాయి, ఒక అంబులెన్స్ డ్రైవరు, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. అందరి చేతుల్లో రంగురంగుల కార్డులు.

పేకాట కాదు. పేకలో ఒకే కట్ట అందరికీ పంచుతారు. ఈ ఆటలో ఎవరి కట్ట వాళ్ళదే. కార్డులు కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని, తోచినట్టు పేర్చుకుంటారు. కార్డు మీద రాక్షసుడుంటే వాడు నీ సైన్యం, మంత్రముంటే అది నీ ఆయుధం. అందరూ ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుని, ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. ఆ ఆటలో పిన్నికి ఒక్కటే ఎత్తుగడ. "నీ చేతిలో ఏముంది?" అని ఎదుటివాళ్ళని అడిగేది. అలవాటు కొద్దీ వాళ్ళు చెప్పేసేవారు.

పళ్ళ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి కోటు సంగతి మరిచిపోయింది. ఆ వారమంతా ఇంటర్నెట్లో ఈ ఆట గురించే చూసింది. ఒకాయన డ్రాగన్ల కట్ట కొనమన్నాడు. ఇంకొకాయన డ్రాగన్ల కట్ట కొన్నవాళ్ళని చూసి జాలిపడ్డాడు. మళ్ళీ ఆదివారం ధైర్యం చేసి వచ్చింది.

"పిన్నిగారూ, కొత్తగా ఆడేవాళ్ళకి ఏ కట్ట మంచిదండీ?"

లాండ్రీలో గంజి డబ్బాల పక్క అరలో నాలుగు కట్టలు అట్టపెట్టెల్లో ఉన్నాయి, కొత్తవాళ్ళకి అరువివ్వడానికి. డ్రాగన్లు, మంత్రగాళ్ళు, దొంగలు, అడవి. ఇంకెవరైనా అయితే ఒకటి తీసి చేతిలో పెట్టేవారు. పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. డ్రైవరు, మాస్టారు ఒకరి మొహం ఒకరు చూసుకుని కార్డులు కింద పెట్టేశారు.

"గిన్నెలు కడిగేటప్పుడు గ్లాసులు ముందా, మూకుళ్ళు ముందా?"

ఆ ప్రశ్న తననేనా అని అమ్మాయి వెనక్కి చూసింది. "గ్లాసులండీ."

"ఎందుకని?"

"తేలిగ్గా అయిపోతాయి కదా."

"విన్నారా మాస్టారూ."

"మంత్రగాళ్ళ కట్ట కష్టమే," అన్నాడు మాస్టారు గంభీరంగా. "మూకుడు ముందు పట్టేవాళ్ళకే ఆ ఓపిక."

"నేను మూకుళ్ళు నానబెట్టి వదిలేస్తాను. నాకే కట్ట?" అన్నాడు డ్రైవరు.

"నీకు కావలసింది కట్ట కాదు, గట్టి చివాట్లు," అని పిన్ని మళ్ళీ అమ్మాయి వైపు తిరిగింది. "లిఫ్టులో ఒక్కదానివే ఉన్నావు. తలుపు మూసుకుంటోంది. దూరంగా ఒకాయన గబగబా వస్తున్నాడు. ఏ బటన్ నొక్కుతావు?"

"తెరిచే బటనండీ."

"ఇక్కడ చెప్పే మాట కాదు, లిఫ్టులో చేసే పని చెప్పు."

అమ్మాయి నిజం ఒప్పుకుంది. "ఫోన్ చూసుకుంటున్నట్టు ఉంటానండీ."

డ్రైవరు బల్ల మీద చేత్తో కొట్టి నవ్వాడు. బాబాయి కూడా ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "ఊఁ," అన్నాడు. అది ఆయన పద్ధతిలో పెద్ద నవ్వు.

ఆ రోజు కట్ట తేలలేదు. పై వారం కూడా తేలలేదు. సినిమాలో ఏడుపొస్తే తుడుచుకుంటావా, తుమ్మినట్టు నటిస్తావా? ఎవరైనా నీ పేరు తప్పుగా పిలిస్తే సరిదిద్దుతావా, ఆ పేరుతోనే కాలక్షేపం చేస్తావా? నీ గొడుగు వేరేవాళ్ళు పట్టుకెళ్ళడం చూస్తే వెంటపడతావా, తడుస్తావా? ప్రతి జవాబు మీదా మాస్టారూ డ్రైవరూ చెరో పక్షం చేరి పోట్లాడుకునేవారు. తడుస్తానన్నందుకు డ్రైవరు ఒక పూటంతా ఆమెతో మాట్లాడలేదు.

అమ్మాయికి విసుగొచ్చింది. "పిన్నిగారూ, నేను కట్ట అడిగానండీ. నన్ను కోడలి ఉద్యోగానికి తీసుకుంటున్నారా?"

"ఇదొక్కటే. నీతో బాగా దెబ్బలాడే మనిషెవరు?"

"మా అక్క."

"చివరిసారి ఎప్పుడు దెబ్బలాడారు?"

"ఇక్కడికి వచ్చేముందు, సూట్‌కేసు సర్దేటప్పుడు. ఇక్కడికొచ్చాక దెబ్బలాడటానికి ఎవరూ దొరకలేదండీ."

నవ్విస్తుందనుకునే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. పిన్ని ఇంకో ప్రశ్న వేయలేదు. బాబాయి ఇస్త్రీ ఆపి భార్య వైపు వింతగా చూశాడు.

పిన్ని లేచి, అరలోంచి అడవి కట్ట తీసింది. "నీ జవాబులన్నీ బేరీజు వేస్తే నీకు సరిపోయేది ఇదే. మాస్టారూ, ఆ కుర్చీ ఖాళీ చేయండి."

"నేనెప్పుడూ ఇక్కడే కదమ్మా కూర్చునేది. కిటికీ వెలుతురు."

"ఓడిపోవడానికి అంత వెలుతురెందుకు మాస్టారూ?"

మాస్టారు గొణుక్కుంటూ అవతలికి జరిగాడు. అమ్మాయి డ్రైవరు పక్కన కూర్చుంది. ఆట తేలిగ్గానే తలకెక్కింది. ముందు చెట్టు పెట్టాలి, అది పెరుగుతుంది. దాని కింద జంతువును పెట్టాలి, అది కొడుతుంది. రెండో చెట్టు పెట్టిందో లేదో డ్రైవరు పిడుగు కార్డు వేసి దాన్ని కాల్చేశాడు.

"నా చెట్టు మీకేం చేసింది?"

"పక్కనుంది."

"మాస్టారి రాక్షసుడు మీ కోట పగలగొడుతుంటే నా చెట్టు కనిపించిందా?"

"ఆయన రోజూ పగలగొడతాడు. అలవాటైపోయింది."

"ఇదెక్కడి న్యాయమండీ? పిన్నిగారూ, చూడండి ఈయన్ని."

పిన్ని చూడలేదు. తన కార్డులు చాలా శ్రద్ధగా సర్దుకుంటోంది. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ చెట్టు చెట్టుకీ పోట్లాడుకున్నారు. అమ్మాయి అందరికంటే ముందే ఓడిపోయి, ఓడిపోయాక కూడా లేవకుండా డ్రైవరు తప్పులు పట్టింది. ఇంటికెళ్ళి అక్కకి ఫోన్ చేసింది. "అంబులెన్స్ నడిపే మనిషికి అంత కక్షేమిటే?" అంటూ చాలాసేపు మాట్లాడింది. నెలాఖరు ప్రయాణం మాట రానేలేదు. అక్కే గుర్తుచేయబోయి మానేసింది.

తర్వాత ఆమె సొంతంగా దొంగల కట్ట పేర్చుకుంది, ముఖ్యంగా డ్రైవరు కార్డులు ఎత్తుకుపోవడానికి. డ్రైవరన్నయ్య అనడం మొదలుపెట్టింది గానీ దొంగతనం మానలేదు. అడవి కట్ట మళ్ళీ గంజి డబ్బాల పక్కకి చేరింది.

కొన్నాళ్ళకి ఒక లాయరు వచ్చాడు. నల్లకోటు ఉతకడానికిచ్చి, లోపలి గదిలోకి చూసి, తనూ ఆడతానన్నాడు. "మొదలుపెట్టేవాళ్ళకి ఏ కట్ట మంచిదండీ?"

పిన్ని కుర్చీ లాక్కుంది. "టైలరు దగ్గర కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబడతావా?"

ఈసారి అమ్మాయి కూడా మాస్టారి పక్షం చేరి లాయరు జవాబుల మీద తీర్పులు చెప్పింది. ఆయన పని మాట్లాడటమే. పగలు కోర్టులో, సాయంత్రం ఇంట్లో కేసుల వాళ్ళతో. మాట్లాడకుండా ఎంతసేపు ఉండగలవని పిన్ని అడిగితే, "ఎవరూ ఉండనిచ్చి చూడలేదండీ," అన్నాడు. పిన్ని లేచి అరలో చెయ్యి పెట్టింది.

"నీ జవాబులన్నీ బేరీజు వేస్తే నీకు సరిపోయేది ఇదే."

అడవి కట్ట.

అమ్మాయి నోరు తెరిచింది. డ్రైవరు బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. నీళ్ళు తాగే నెపంతో ఇద్దరూ బయటి గదిలోకి వచ్చారు.

"అన్నయ్యా, మీకు మొదట ఏ కట్టిచ్చింది?"

"అడవి."

"మాస్టారికి?"

"అడవి. కొత్తవాళ్ళకి అదే తేలిక, గుర్తుపెట్టుకునేదేం ఉండదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"మరి నన్నెందుకు అన్ని వారాలు తినేసింది?"

"కట్ట కోసం కాదమ్మాయ్, కుర్చీ కోసం. నలుగురాడే ఆటలో చేతిలో ఏముందన్నది తర్వాత, పక్కన ఎవరున్నారన్నది ముందు అంటుంది. అది తెలియాలంటే నువ్వేమిటో తెలియాలి. నీతో గట్టిగా దెబ్బలాడమని నాకు కంటిసైగతో చెప్పింది."

అమ్మాయి కళ్ళు చెమర్చబోతుంటే వేరే సంగతి గుర్తొచ్చి ఆగిపోయాయి. "అంటే నా చెట్లు కాల్చింది పిన్ని చెప్పి కాల్చారా?"

"మొదటిరోజు మాత్రమే. తర్వాతవన్నీ నా సొంతం."

లోపలికి వచ్చేసరికి లాయరు బాబాయికీ మాస్టారికీ మధ్య కూర్చుని ఉన్నాడు. ఆట మొదలయ్యాక మాస్టారు పెదవి కదిపితే పిన్ని కనుబొమ లేచేది, ఆయన నోరు మూసుకునేవాడు. బాబాయి సంగతి చెప్పక్కర్లేదు. లాయరు చెట్టు పెట్టాడు. "ఊఁ," అన్నాడు బాబాయి. లాయరు ఎలుగుబంటిని పెట్టాడు. "ఊఁ," అన్నాడు బాబాయి. లాయరు భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగాయి. చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే, "ఊఁ," అన్నాడు తనూ.

ఆట ముగిసి, ఓడిపోయి, అడవి కట్టని అపురూపంగా పెట్టెలో సర్దుకుంటూ ఆయన పళ్ళ అమ్మాయి వైపు వంగాడు.

"ఎంత పరిశోధన చేసి ఇచ్చారండీ పిన్నిగారు, నాకోసమే కుట్టించినట్టుంది. మీకు కూడా మొదట ఈ కట్టే ఇచ్చారా?"

డ్రైవరుకు దగ్గొచ్చింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. పిన్ని, ప్రశ్న తనది కాకపోయినా, జవాబు కోసం తలెత్తింది.

"అదెలా కుదురుతుందండీ," అంది పళ్ళ అమ్మాయి. "నా జవాబులు వేరు."